పోలండ్ నడివేసవి పండుగకు చిన్నపిల్లలను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి)

మా మరిది కుటుంబం పోలండ్‌లోని క్రాకో నగరంలో ఉంటోంది. వచ్చే జూన్‌లో ఎనిమిదేళ్ల అమ్మాయిని, నాలుగేళ్ల అబ్బాయిని తీసుకుని అక్కడికి వెళ్లాలనుకుంటున్నాము. జూన్ 23 రాత్రి, అంటే సెయింట్ జాన్ పండుగ ముందు రాత్రి, అక్కడివారు పూల కిరీటాలు అల్లి, వాటి మధ్య కొవ్వొత్తులు వెలిగించి నదిలో వదులుతారని మా తోటికోడలు చెప్పింది. అప్పటి నుంచి అమ్మాయి అదే పాట పాడుతోంది. అయితే అదే రాత్రి యువకులు మంటల మీదుగా దూకుతారని కూడా విన్నాను. ఇంత చిన్న పిల్లలతో అక్కడ ఎంతసేపు ఉండగలము? క్రైస్తవులము కాని మేము పాల్గొంటే ఎవరికైనా ఇబ్బందిగా ఉంటుందా? మన బడులు జూన్ రెండో వారానికే తెరుస్తారు కాబట్టి, దీనికోసం సెలవు పెట్టించడం సబబేనా అన్న సందేహం కూడా ఉంది.

జవాబు 1 (మధురవాడ, గతంలో క్రాకో నివాసి)

అమ్మా, ముందుగా ఒక విషయం తేల్చుకోండి. క్రాకోలో ఈ పండుగకు ‘వ్యాంకి’ పేరిట జరిగేది ఇప్పుడు ప్రధానంగా నగరపు సంగీత ఉత్సవం. పెద్ద వేదికలు, చెవులు దిమ్మెక్కించే శబ్దం, ఎటు చూసినా జనం. నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో పిల్లవాణ్ణి భుజాన ఎక్కించుకుని నిలబడిన వారికి ఆ రద్దీ గురించి వేరే చెప్పనవసరం లేదు. మీ అమ్మాయి ఊహించుకుంటున్నది ఇది కాదు.

ఆమె కోరుకునేది ‘స్కాన్సెన్’ అనే ఆరుబయలు గ్రామీణ మ్యూజియాలలో దొరికే అవకాశం ఎక్కువ. పాత చెక్క ఇళ్లను, గాలిమరలను, చర్చిలను వాటి వాటి ఊళ్ల నుంచి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన ప్రాంగణాలవి. క్రాకోకు పశ్చిమాన లిపోవియెట్స్ కోట పాదం దగ్గర విగ్యెవ్‌జూఫ్‌లో ఒకటి ఉంది. దేశం ఆగ్నేయ కొసన సానోక్‌లోనిది చాలా పెద్దది. నడివేసవికి ఇలాంటి చోట్ల మధ్యాహ్నం నుంచే కిరీటాలు అల్లడం నేర్పుతుంటారు. ఏ యేడు ఏ తేదీన జరుపుతారో వారి ప్రకటన చూసుకోవాలి. ఎక్కువగా దగ్గరలోని శనివారానికి మారుస్తారు.

అల్లడం మన పిల్లలకు కష్టం కాదు. పొడవాటి కాడ ఉన్న డైసీలు, నీలి కార్న్‌ఫ్లవర్లు, క్లోవర్ పూలు తీసుకుని, ఒక కాడను మరొక కాడ చుట్టూ తిప్పి, మిగిలిన భాగాన్ని పక్కనే పడుకోబెట్టి, దాని మీద మూడోదాన్ని చుడతారు. దారం చివర్లో మాత్రమే అవసరమవుతుంది. పూర్వం ఈ పండుగకు అక్కడి ఆడవారు నడుముకు చుట్టుకున్న మూలిక మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతికి చెందినదే. చేతిలో నలిపి వాసన చూపిస్తే మీ పిల్లలు గుర్తుపట్టవచ్చు.

సమయం సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. ఆ రోజుల్లో క్రాకోలో సూర్యాస్తమయం రాత్రి 8.50 దాటాకే అవుతుంది. చీకటి పడి మంట అందంగా కనబడేసరికి పది కొడుతుంది. అక్కడ రాత్రి పది అంటే వేసవిలో మనకు ఒకటిన్నర. విమానం దిగిన మర్నాడే తీసుకువెళితే నాలుగేళ్ల పిల్లవాడు ఏడుపు ఆపడు. కనీసం నాలుగైదు రోజుల ముందు చేరుకోండి, లేదా అల్లడం వరకు చూసి వచ్చేయండి.

జవాబు 2 (సీతమ్మధార, పిల్లల వైద్య విభాగంలో పనిచేస్తాను)

మంట కంటే గడ్డి గురించి ఎక్కువ జాగ్రత్త పడండి. పోలండ్‌లో వేసవి గడ్డిలో, అడవి అంచుల్లో పిడుదులు ఉంటాయి. వాటి కాటు వల్ల లైమ్ వ్యాధి, మెదడు వాపు వంటివి రావచ్చు. నిండు ప్యాంటు వేసి, దాని అంచును సాక్సు లోపలికి దూర్చండి. ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనుక, చంకలు, చెవుల వెనుక, జుట్టు మొదళ్లలో వెతకండి. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా నేరుగా లాగండి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం వంటివి చేయకూడదు. ఆ తరువాతి వారాల్లో కాటు చుట్టూ ఎర్రని మచ్చ పెరుగుతూ పోతే వైద్యునికి చూపించాలి. బయలుదేరే ముందే మీ పిల్లల డాక్టరుతో టీకాల గురించి మాట్లాడండి.

ఇంకొక మాట: పిల్లలను దారి పక్క పూలు వారంతట వారు కోయనివ్వకండి. గొడుగులా తెల్లని పూలు పూసే సొస్నోవ్‌స్కి హాగ్‌వీడ్ అనే ఎత్తైన మొక్క రసం తగిలిన చోట ఎండ పడితే చర్మం బొబ్బలెక్కుతుంది.

జవాబు 3 (గాజువాక)

మొదటి జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించను. అబ్బాయిని పడుకోబెట్టండి, సరే. కానీ ఎనిమిదేళ్ల అమ్మాయిని కొవ్వొత్తి వెలిగించకముందే వెనక్కి తీసుకురావడం అన్యాయం. భార్యాభర్తల్లో ఒకరు ఆమెతో ఉండిపోవచ్చు. మంట దూకడం పెద్దల వేడుక, దూరం నుంచి చూస్తే చాలు. వదులుగా వేలాడే నైలాన్ గౌను మాత్రం వేయకండి.

మతం గురించి సంకోచం అక్కరలేదు. చర్చి దీనికి సెయింట్ జాన్ పేరు పెట్టినా, మంట, నీరు, మూలికలతో కూడిన ఈ ఆచారాలు క్రైస్తవానికి ముందటి స్లావుల నుంచి వచ్చినవని అక్కడివారే చెబుతారు. కిరీటాలు నదిలో వదలడం ఒకప్పుడు పెళ్లికాని ఆడపిల్లలు తమ పెళ్లి జోస్యం చూసుకునే పద్ధతి. మీ అమ్మాయికి అదంతా వివరించనవసరం లేదు. ఆమెకు ఫెర్న్ పువ్వు కథ చెప్పండి. ఆ ఒక్క అర్ధరాత్రే అడవిలో ఫెర్న్ పూస్తుందట, దొరికినవారికి అంతులేని సంపద వస్తుందట. ఒక కథనంలో ఆ సంపదను ఎవరితోనూ పంచుకోకూడదన్న షరతు కూడా ఉంది. ఫెర్న్ నిజానికి పూయనే పూయదు, సిద్ధబీజాలతో పెరుగుతుంది. ఈ మాట తిరుగు ప్రయాణంలో చెబితే చాలు.

తిండి విషయంలో: బంగాళాదుంప, జున్ను పెట్టిన ‘పీరోగి రుస్కియె’ అనే పిండి కుడుములు శాకాహారమే అయినా పైన పంది కొవ్వు ముక్కలు చల్లుతారు. ‘బెజ్ స్క్వారెక్’ (ఆ ముక్కలు లేకుండా) అని ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. విగ్యెవ్‌జూఫ్ ప్రకటన చూసి తేదీ నిర్ణయించుకుంటాము. రాత్రికి మా వారు అమ్మాయితో ఉంటారు, నేను అబ్బాయితో మరిదిగారింటికి వెళ్లిపోతాను. బడిలో సెలవు అడగడానికి సిద్ధపడ్డాను. వీసాకు ఎంత ముందు దరఖాస్తు చేయాలి?

జవాబు 1

పోలండ్‌కు కావలసింది అనేక ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా. దానికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. వేసవి రద్దీకి మార్చిలోనే అపాయింట్‌మెంట్ చూసుకోవడం మేలు. పిల్లలిద్దరికీ విడివిడిగా పాస్‌పోర్టులు, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలకు వీసా రుసుము లేదు కాబట్టి అబ్బాయిది మిగులుతుంది.