చెరువు బఫర్‌లో పోయిన పట్టా భూమికి కట్టడ హక్కు బదిలీ ఇవ్వాలా?

రైతు, తిరుపతి రూరల్:
చెరువును ఆనుకుని మా కుటుంబానికి 5 ఎకరాల పట్టా భూమి ఉంది. అందులో దాదాపు 2 ఎకరాలు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) లోపలా, 10 హెక్టార్లు దాటిన చెరువుల హద్దు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాలని నిబంధనలు విధించిన 30 మీటర్ల బఫర్‌లోనూ పోతున్నాయి. అక్కడ గోడ లేపడానికి వీల్లేదు, కొనేవారూ లేరు. ఆ 2 ఎకరాల వంతు ఇళ్లను మిగిలిన 3 ఎకరాల్లో అదనపు అంతస్తులుగా కట్టుకోనివ్వాలన్నది నా వాదన. చెరువు ఊరందరిదైనప్పుడు నష్టం ఒక్క కుటుంబమే ఎందుకు భరించాలి?

ప్లానింగ్ విద్యార్థి:
ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలోని మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ 1980లో సాగుభూములను కాపాడేందుకు 25 ఎకరాలకు ఒక ఇల్లే కట్టాలని పరిమితి విధించి, అందుకు బదులుగా ప్రతి 5 ఎకరాలకు ఒక హక్కును మరోచోట కట్టేవారికి అమ్ముకునే వీలు కల్పించింది. మన దగ్గర రోడ్లకు స్థలం ఇచ్చినవారికి టీడీఆర్ బాండ్లు (కట్టడ హక్కును మరోచోట వాడుకునే లేదా అమ్ముకునే పత్రాలు) ఇస్తున్నప్పుడు చెరువు కోసం నష్టపోయినవారికి ఎందుకు ఇవ్వకూడదు?

తిరుచానూరు నివాసి:
రైతుగారి నష్టం నిజమైనదే, పరిహారం దక్కడమూ న్యాయమే. నా అభ్యంతరమల్లా ఆ హక్కు ఎక్కడ దిగుతుందన్న దాని మీదే. 5 ఎకరాలకు 100 ఇళ్లు అనుకుందాం. ఎకరాకు 20 ఉండవలసినవి 3 ఎకరాల్లోకి చేరితే 33 దాటుతాయి, అదీ బఫర్ పక్కనే. భూగర్భ డ్రైనేజీ లేని పంచాయతీలో సెప్టిక్ ట్యాంకులు పొంగితే ఆ నీరు పల్లానికే, అంటే చెరువులోకే చేరుతుంది. వాన నీటిని ఇంకించుకోవలసిన నేల కాస్తా సిమెంటు కిందకు పోతుంది. మాంట్‌గోమరీలో హక్కులు వెళ్లింది పక్క పొలానికి కాదు, రోడ్లూ మురుగు పైపులూ ఉన్న ప్రాంతాలకు.

2021 నవంబరులో శేషాచలం కొండల మీద కురిసిన వాన కపిలతీర్థం మీదుగా నగరంలోకి దిగింది, స్వర్ణముఖి ఒడ్డున మా వైపు ఇల్లు కూలింది, రాయలచెరువు కట్టకు లీకు పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ నీరు ఎఫ్‌టీఎల్ రాయి దగ్గర ఆగలేదు. చెరువుకు నీళ్లు తెచ్చే వంకలూ, చెరువు నిండాక మిగులు నీరు మొరవ పోయే దారీ చెరువులో భాగమే కనుక, బఫర్ గీత దాటగానే ఇళ్లను కిక్కిరిసేలా కట్టనిచ్చే నియమాన్ని నేను ఒప్పుకోలేను.

లెక్క విషయమూ చూడాలి. ఎఫ్‌టీఎల్ లోపలి నేలలో ఇల్లు కట్టే హక్కు ముందునుంచీ లేదు. లేని హక్కును బదిలీ చేయడమంటే కొత్తగా పుట్టించడమే. బఫర్‌లో పోయిన మెట్ట భాగానికి మాత్రం బదిలీ ఇవ్వడం సబబు.

రైతు, తిరుపతి రూరల్:
దూరప్రాంతానికి హక్కు ఇస్తే దాన్ని కొనేదెవరు? బాండు చేతబట్టుకుని బిల్డర్ల చుట్టూ తిరిగి, చివరికి వారు చెప్పిన ధరకే వదులుకోవాలి. పైగా తణుకు, తిరుపతి వంటి చోట్ల బాండ్ల జారీపై ఆరోపణలు వచ్చి విచారణల దాకా వెళ్లాయి.

తిరుచానూరు నివాసి:
మీ భయం సహేతుకమే. అమెరికాలోనే న్యూజెర్సీలోని పైన్‌ల్యాండ్స్ అడవుల ప్రాంతంలో ఇలాంటి హక్కులను కొని అమ్మేందుకు 1985లో ప్రత్యేకంగా ఒక క్రెడిట్ బ్యాంకునే నెలకొల్పారు. ఇక్కడ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) కనీస ధర ప్రకటించి బాండ్లను తానే కొని, వాటిని వాడదగిన ప్రాంతాలను మాస్టర్ ప్లాన్‌లో ముందే గుర్తిస్తే రైతు ఎవరినీ బతిమాలనక్కరలేదు. హక్కు బదిలీ అయిపోయిన సంగతి ఆ సర్వే నంబరు ఈసీలో (భూమిపై లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించి తీరాలి, లేకపోతే కొన్నేళ్లకు అదే 2 ఎకరాలను మట్టి తోలి ప్లాట్లుగా అమ్మేస్తారు. డీకేటీ భూముల్లో, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల్లో, 1977 చట్టం ప్రకారం అమ్మకం నిషిద్ధమైనవాటిని ఈ పథకంలోకి రానివ్వకూడదు.

రైతు, తిరుపతి రూరల్:
కనీస ధర జీవోలో రాసి ఇస్తే పక్క 3 ఎకరాల కోరికను వదులుకుంటాను. ఎఫ్‌టీఎల్ లోపలి నేల సంగతి మాత్రం ఒప్పుకోను. అక్కడ ఇల్లు కట్టకపోయినా నీరు తగ్గాక పంట తీసేవాళ్లం, ఆ సాగు నష్టానికి విడిగా పరిహారం కావాలి.