ఈమూకు మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి చూడటానికి కన్ను సరిపోతుందా?

హన్మకొండ పశువైద్యుడు:
పరకాల వైపు తోటలో ఒక ఈమూ ముళ్లకంచెలో పడి తొడ చీల్చుకుంది. దాదాపు 40 కిలోల పక్షి. ఐసోఫ్లూరేన్ (పీల్చే మత్తుమందు) ఇచ్చి కుట్లు వేయాలి. నా దగ్గర క్యాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే యంత్రం) లేదు. రొమ్ము కదలికను, మత్తు యంత్రానికి ఉండే గాలి సంచి ఉబ్బడాన్ని చూస్తూ చేసేయవచ్చని నా ఉద్దేశం. ఆ యంత్రం దొరికేదాకా ఆగమని తోటివారు అంటున్నారు. మీరేమంటారు?

జగిత్యాల డాక్టర్:
చేసేయండి. గేదెలకు, గొర్రెలకు ఇన్నేళ్లూ కళ్లతో చూసే కదా చేశాం. ఊపిరి చూడటానికే ఒక మనిషిని పెట్టండి, ఆ మనిషికి మరే పనీ చెప్పకండి. గుడ్డ కప్పితే రొమ్ము కనిపించదు కాబట్టి పారదర్శక ప్లాస్టిక్ పరచండి. చీము పట్టేదాకా ఆగితే పక్షికి ఒరిగేదేమిటి?

మామునూరు పాత విద్యార్థిని:
సార్, గేదెతో పోలిక ఇక్కడ కుదరదు. పక్షికి ఉదర వితానం (రొమ్మును, పొట్టను వేరుచేసే కండర పొర, డయాఫ్రమ్) లేదు. దాని ఊపిరితిత్తులు మనవాటిలా ఉబ్బవు; రొమ్ము ఎముక, పక్కటెముకలు కదిలితేనే దాని ఒంట్లోని గాలి సంచుల్లోకి గాలి వెళ్తుంది. వెల్లకిలా పడుకోబెడితే లోపలి అవయవాల బరువంతా ఆ సంచులమీదే పడుతుంది. ఊపిరితిత్తుల్లో గాలి నిల్వ తక్కువ కాబట్టి శ్వాస ఆగితే గుండె ఆగడానికి ఎంతో సేపు పట్టదు. రొమ్ము కదులుతూనే ఉన్నా ఊపిరి పైపైనే ఆడి, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు. అది కంటికి కనిపించదు. రక్తంలో ఆక్సిజన్‌ను చూపే ఆక్సీమీటరును మనుషుల రక్తానికి సరిపడేలా చేశారు, దాని అంకెను పక్షి విషయంలో నమ్మలేం.

ఇంకో మాట. ఈమూ శ్వాసనాళానికి మెడ కింది భాగంలో పొడవాటి చీలిక ఉంటుంది, దానికి ఒక తిత్తి అంటుకుని ఉంటుంది. ఆడ ఈమూ ఢోలు మోగినట్టు కూసేది దానితోనే. ఒకసారి నేను ఊపిరి అందించడానికి మత్తు యంత్రపు సంచి నొక్కుతుంటే మెడ దగ్గర ఈకలు లేచి నిలబడ్డాయి, చర్మం బూరలా ఉబ్బింది, రొమ్ము మాత్రం కదలలేదు. చేతిలో సంచి చక్కగా ఖాళీ అవుతుంటే ఊపిరి అందుతోందనే అనుకున్నాను. మెడ పట్టుకుని చూశాకే తెలిసింది. అప్పటికి పక్షి గుండె నెమ్మదించింది. మెడకు కట్టు కట్టి నొక్కాక రొమ్ము లేచింది. ఆ రోజు నా చేతులు వణికాయి.

జగిత్యాల డాక్టర్:
మెడకట్టు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. వాయిదా సంగతి మాత్రం ఒప్పుకోను. గాలి ఆ తిత్తిలోకి పోతుంటే క్యాప్నోగ్రాఫ్ గీత కూడా తప్పుదారి పట్టిస్తుంది కదమ్మా?

మామునూరు పాత విద్యార్థిని:
పట్టిస్తుంది సార్. అందుకే కట్టు ముందు, యంత్రం తర్వాత. కానీ రెండూ కావాలి. శ్వాసనాళంలో పెట్టే గొట్టం చుట్టూ ఉండే బెలూన్‌లో గాలి నింపకండి; పక్షుల శ్వాసనాళపు వలయాలు పూర్తిగా మూసుకుని ఉంటాయి, సాగవు, లోపలి పొర దెబ్బతింటుంది.

హన్మకొండ పశువైద్యుడు:
క్యాప్నోగ్రాఫ్ అరువు అడిగాను, రేపు మధ్యాహ్నానికి వస్తుందట. ఈలోగా గాయం కడిగి, నొప్పికి మందు వేసి ఉంచుతాను. పక్కకు తిప్పి పడుకోబెడతాను. మెడకట్టు మెత్తగానే కట్టాలా, ఎంత బిగువు ఉండాలి? మేడమ్, ఆ ఒక్కటి వివరంగా రాయండి.