పుచ్చిన ట్రాన్సమ్‌కి మళ్లీ ప్లైవుడ్డే వేయాలా?

కొసస్థలి:
మాది చెన్నై దగ్గర ఎన్నూరు. ఏటి మొగలోనూ, అల తక్కువగా ఉన్న రోజుల్లో కాస్త బయటికీ తిరగడానికి 17 అడుగుల పాత ఫైబర్ బోటు ఉంది. 40 హెచ్‌పి రెండు స్ట్రోకుల మోటారు. ఈ మధ్య మోటారు కాలు పట్టుకుని ఊపితే అమరం పలక, అదే మోటారు బిగించే వెనక పలక (ట్రాన్సమ్) కూడా దాంతోపాటు కదులుతోంది. బోల్టు రంధ్రాల కింద గోధుమరంగు చారలు దిగాయి. సుత్తి పిడితో కొడితే పైన గట్టిగా ఖంగుమంటోంది, మధ్య నుంచి కిందదాకా మొద్దు చప్పుడు. నీళ్లు వదిలే రంధ్రం పక్కన సన్నటి డ్రిల్లు దించి చూశాను. వచ్చిన పొట్టు వడగట్టిన టీపొడిలా తడిగా, నల్లగా ఉంది, పులిసిన వాసన.

కాశిమేడులో ఇద్దరిని అడిగాను. ఒకాయన లోపలివైపు ఫైబర్ కోసి, కొత్త ప్లైవుడ్ వేసి, పాలిస్టర్ రెసిన్‌తో మూసేద్దామన్నాడు. ఇంకొకాయన చిల్లులు పొడిచి పల్చటి ఎపాక్సీ అనే ఇంకో రకం రెసిన్ ఎక్కిస్తే చెక్క రాయిలా అవుతుందన్నాడు. మా అబ్బాయేమో అసలు చెక్కే వద్దు, ఫోమ్ బోర్డు వేద్దామంటాడు. పిల్లల్ని ఎక్కించుకునే బోటు. ఏది నిలుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పడవమేస్త్రీ:
అన్నా, ఎపాక్సీ ఎక్కించే మాట ముందు వదిలేయండి. నీళ్లు తాగిన చెక్కలోకి రెసిన్ పోదు. పోయినచోట గట్టిపడుతుంది, దాని పక్కనే తడి అలాగే ఉంటుంది, కుళ్లు ఆగదు. పైకి మాత్రం బాగైనట్టు కనబడుతుంది. అదే ప్రమాదం.

ట్రాన్సమ్ మోసేది మోటారు బరువొక్కటే అనుకోకండి. థ్రాటిల్ ఇవ్వగానే ప్రొపెల్లర్ కింద నుంచి ముందుకు తోస్తుంది. మోటారు బ్రాకెట్ కిందిభాగం పలకలోకి నొక్కుకుంటుంది, పై బోల్టులు వెనక్కి లాగుతాయి. లోపలి ఫైబరూ బయటి ఫైబరూ మధ్యలోని చెక్కను గట్టిగా పట్టుకుని ఉంటేనే ఆ మూడూ ఒక్క పలకలా పనిచేస్తాయి. చెక్క పిండి అయ్యిందంటే మిగిలింది రెండు పల్చటి రేకులే.

ప్లైవుడ్డే వేయండి. 2004 సునామీ తర్వాత ఈ తీరంలో కట్టుమరాలు తగ్గి ఫైబర్ బోట్లు కుప్పలుగా వచ్చాయి. వాటి వెనక పలకలు విప్పి చూసినవాణ్ని. కుళ్లు ఎప్పుడూ రంధ్రం దగ్గరే మొదలు. చెక్కది తప్పు కాదు, రంధ్రాన్ని సీలు చెయ్యనివాడిది.

పొరమీదపొర:
మేస్త్రీ గారూ, ఎపాక్సీ ఎక్కించడం దండగన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ప్లైవుడ్ దగ్గరే మీతో పేచీ. రంధ్రాలు లేని ట్రాన్సమ్ ఉంటుందా? మోటారు బోల్టులు, డ్రెయిను, నిచ్చెన, సెన్సరు... ప్రతిదీ ఒక దారే. ఎప్పుడో ఒకసారి ఒక సీలు పోతుంది. అప్పుడు లోపల కుళ్లే వస్తువు ఉండాలా, కుళ్లనిది ఉండాలా అన్నదే ప్రశ్న.

మెరైన్ ప్లై అంటే నీళ్లకి ఏమీ కాదనుకుంటారు చాలామంది. ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి మన దేశపు ప్రమాణం) షీటును 72 గంటలు నీళ్లలో ఉడికించి పరీక్ష చేస్తారు, నిజమే. ఆ పరీక్ష పొరల మధ్య జిగురుకి. జిగురు ఊడదు సరే, బోటులో ఏళ్ల తరబడి తడి నిలబడితే చెక్క ఏమవుతుంది? గాజు నారతో గట్టిపరిచిన పాలియురేథేన్ బోర్డు, కూసా బ్రాండు లాంటిది, వేస్తే ఆ బెంగే లేదు. బరువూ తగ్గుతుంది.

పడవమేస్త్రీ:
ఆ బోర్డు ఇక్కడ ఏ కొట్లో దొరుకుతుంది చెప్పండి. తెప్పించుకోవాలి, కొన్ని నెలలు ఆగాలి, డబ్బు ప్లైవుడ్‌కి ఎన్నో రెట్లు. దొరకలేదని చివరికి ఏం చేస్తారంటే, మామూలు తేలిక ఫోమ్ తెచ్చి వేస్తారు. బోల్టు బిగించగానే అది అణిగిపోతుంది, బోల్టు వదులవుతుంది, మళ్లీ నీళ్లు. ప్లైవుడ్‌కి ఆ నొక్కుడు లెక్కే కాదు.

పొరమీదపొర:
తేలిక ఫోమ్ సంగతి ఒప్పుకుంటాను. అది డెక్ కింద వేసుకోవచ్చు, మోటారు కింద పనికిరాదు. వేయాలంటే బోల్టులు పడే చోటల్లా ఫోమ్ తీసేసి గట్టి ఫైబర్ దిమ్మ పోయాలి. ఎక్కువమంది చెయ్యరు.

పులికాట్ తెడ్డు:
ఒక్క మాట. రేపు నాలుగు స్ట్రోకుల మోటారుకి మారే ఆలోచన ఉందా అన్నా? అదే 40 హెచ్‌పికి సుమారు పాతిక కిలోలు పెరుగుతుంది. ఉంటే ఇప్పుడే ట్రాన్సమ్‌ని బోటు పక్కలకి కలిపే మోకాలు పట్టీలు (మూల ఆనికలు) పెట్టించండి. మళ్లీ కోయించుకోకూడదు.

రెసిన్ కొట్టు:
తిరువొత్తియూరులో మా కొట్టు. మీరంతా చెక్కా, ఫోమా అని కొట్టుకుంటున్నారు గానీ నన్నడిగితే ఆయుష్షు తేల్చేది మధ్య పలక కాదు, దాన్ని అతికించేది. కుళ్లిన పాత బోట్లలో లోపలి ఫైబర్ చెక్క నుంచి ఒలిచినట్టు మొత్తంగా లేచి వస్తుంది చూశారా? అది పాలిస్టర్ అతుకు. కొత్త బోటు అచ్చులో పోసేటప్పుడు పాలిస్టర్ బాగానే ఉంటుంది, ఎందుకంటే పొర ఆరకముందే పొర పడుతుంది. ఎప్పుడో గట్టిపడ్డ పాత ఫైబర్ మీద, చెక్క మీద పట్టు ఎపాక్సీదే. పైసా పెట్టగలిగితే అక్కడ పెట్టండి.

కానీ పాలిస్టర్ అలవాటైన పనివాళ్లకి ఎపాక్సీ ఇస్తే భయం నాకు. పాలిస్టర్‌లో ఎండని బట్టి క్యాటలిస్ట్ (రెసిన్‌ని గట్టిపరిచే ద్రవం) 1 నుంచి 2 శాతం మధ్య తగ్గించి పెంచి సర్దుకుంటారు. ఎపాక్సీలో అది కుదరదు. డబ్బా మీద రాసిన కొలతే, త్రాసు మీద తూచి మరీ కలపాలి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, ఎప్పటికీ జిగటగా మిగులుతుంది. మన ఎండకి స్లో హార్డెనర్ అడిగి తీసుకోండి, వెడల్పు తట్టలో కలపండి. లోతు మగ్గులో వదిలేస్తే పొగలు కక్కుతుంది.

ఇంకోటి: ఎపాక్సీకి మామూలు చాప్డ్ మ్యాట్ (గాజు నార ముక్కలు జిగురుతో అంటించిన పరుపు) కొనకండి. దాని జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది. జిగురు లేకుండా, నార రెండు దిశల్లో పేర్చి కుట్టిన బయాక్సియల్ గాజు గుడ్డ అడగండి. ఒక కోటింగు ఆరాక పైన జిడ్డులాంటి పొర తేలుతుంది. గాలిలో తేమ ఉన్నరోజు మరీ. దాన్ని నీళ్లతో రుద్ది కడిగి, గరుకు పట్టించాకే తర్వాతి పొర. కడక్కుండానే శాండ్‌పేపర్ పట్టిస్తే ఆ జిడ్డునే లోపలికి రుద్దినట్టు.

పడవమేస్త్రీ:
అక్కా, పాలిస్టర్‌తో చేసిన నా పలకలు ఇప్పటికీ సముద్రంలో ఉన్నాయి. కానీ ఒలిచినట్టు లేచి రావడం నేనూ చూశాను, కాదనను. సొంత బోటుకైతే ఎపాక్సీయే అంటాను. రోజూ వేటకెళ్లేవాడికి ఆ ఖర్చు చెప్పడానికి నాకు నోరు రాదు.

పొరమీదపొర:
వేటకెళ్లేవాడి మోటారు పడిపోయినా అదే సముద్రం కదా మేస్త్రీ. అతనికి ఫోమ్ వద్దు, ప్లైవుడ్డే చాలు, ఒప్పుకున్నా. అతుక్కి మాత్రం ఎపాక్సీ అనండి. చెక్క మీద నా అభ్యంతరం అలాగే ఉంది. బోర్డు ఇక్కడ తేలిగ్గా దొరికే రోజు వస్తే మళ్లీ మాట్లాడుకుందాం.

కొసస్థలి:
అందరికీ నమస్కారం. ఐఎస్ 710 ప్లైవుడ్, 19 ఎంఎంవి రెండు కలిపి, ఎపాక్సీతో. తేల్చేసుకున్నాను. మోటారు మార్చను. లోపలి నుంచి కోయాలా, బయటి నుంచా? ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

పడవమేస్త్రీ:
లోపలి నుంచే. బయటి ఫైబర్ ఉంటే బోటు ఆకారం చెడదు, జెల్‌కోటు (పైనుండే నున్నటి రంగు పొర) పాడవదు. ఎపాక్సీ మీద మళ్లీ జెల్‌కోటు పట్టించడం పెద్ద తంటా. కోయడానికి ముందే అడుగున దిమ్మలు సరిగ్గా సర్దండి. పలక తీశాక అడుగు జారితే వంకర అలాగే ఉండిపోతుంది. అంచు చుట్టూ 2, 3 అంగుళాలు పాత ఫైబర్ వదిలి కోయండి. ఆ అంచును ఏటవాలుగా గ్రైండ్ చేయండి, మందం ఒకటైతే వాలు పన్నెండు. మాస్కు లేకుండా గ్రైండర్ పట్టుకోనివ్వకండి.

చెక్క పొట్టంతా గీకేశాక ఎండనివ్వండి, తొందరపడొద్దు. కొత్త పలకల అంచులకి ముందే ఎపాక్సీ తాగించండి, తాగినంత. చిక్కటి ఎపాక్సీ పళ్ల తాపీతో పూసి అదిమితే గాలి బుడగ మిగలదు. మూలల్లో గుండ్రంగా నింపి, గుడ్డను పక్కలకీ అడుక్కీ ఎక్కించండి.

మోటారు రంధ్రాలు కావలసినదానికన్నా పెద్దవిగా తొలిచి, చిక్కటి ఎపాక్సీతో నింపి, ఆరాక సరైన సైజుకి మళ్లీ తొలవండి. అప్పుడు బోల్టు చెక్కను తాకదు, సీలు పోయినా నీళ్లకి చెక్క దొరకదు. డ్రెయిను రంధ్రానికీ అంతే. అందరూ మోటారు దగ్గర చేసి దాన్ని వదిలేస్తారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఏదీ ఆరదు. రోహిణి కార్తెలో రెసిన్ చేతిలోనే గడ్డకడుతుంది. ఫిబ్రవరి, మార్చి మంచిది. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే పెద్ద బోట్లన్నీ గట్టెక్కుతాయి, మీకు పనివాళ్లు దొరకరు.

రెసిన్ కొట్టు:
గుడ్డ కొనేముందు పలక కొలతలు ఇక్కడ పెట్టండి అన్నా, ఎన్ని మీటర్లు కావాలో చెప్తాను. ఎక్కువ కొని పారేయకండి.