అడంగునే పగం బగ: అడంచునా, అడంగునా?

పెన్నాతీరం:
జాన్ బర్డెట్ బ్యాంకాక్ అపరాధ పరిశోధక నవలల మీద వ్యాసం రాస్తూ ఒకచోట ఆగాను. మొదటిది 'బ్యాంకాక్ 8' (2003). పోలీసు సోంచాయ్ జిత్‌ప్లీచీప్ నిష్ఠగల బౌద్ధుడు. బెంజి కారులో వదిలిన పాముల వల్ల ఒక అమెరికన్ మెరీన్ చనిపోతాడు. అక్కడే సోంచాయ్ సహచరుడు పిచాయ్‌కీ నాగుపాము కాటు పడి ప్రాణం పోతుంది. కారకులను చంపి తీరుతానని సోంచాయ్ ప్రతిన పూనుతాడు. ఈ ఘట్టానికి తిక్కన మాట ఒకటి సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది కానీ చివరి ముక్కే గుర్తుంది: 'అడంచునే పగన్ బగ'. అడంచునే కరెక్టా, అడంగునే కరెక్టా? ముందు మాటలేమిటి?

గోదారిగట్టు:
ఉద్యోగపర్వం, రాయబారానికి ముందు ధర్మరాజు కృష్ణుడితో అనేది. చంపకమాల.

'పగ యడఁగించు టెంతయు శుభం బది లెస్స యడంగునే పగం
బగ? పగఁ గొన్న మార్కొనక పల్కక యుండఁగ వచ్చునే...'

అడంగునే. 'పగన్ బగ' అని రాయడం కూడా తప్పు కాదు. పగన్ + పగ, ద్రుతం (మాట చివరి నకారం) మీద పరుషం సరళమై బకారం వచ్చింది, ద్రుతం బిందువైతే 'పగం బగ'. తప్పల్లా 'అడంచునే' దగ్గరే.

ఛందోభిమాని:
అంత తేలిగ్గా కొట్టేయకండి. య-డం-గు, య-డం-చు రెండూ జగణమే. యతి పదకొండో అక్షరం 'భం' మీద పడిపోయింది, ప్రాస గకారం. ఈ అక్షరానికి రెంటితోనూ పని లేదు. గణం, యతి, ప్రాస మూడూ రెండు పాఠాలనూ ఒప్పుకుంటాయి. అర్థం కూడా ఒప్పుకుంటుంది. అడంచు సకర్మకం కాబట్టి 'పగం' ద్వితీయ అవుతుంది: పగను పగ అణచునా? అడంగు అకర్మకం కాబట్టి 'పగం' తృతీయ అవుతుంది: పగచేత పగ అణగునా? చేరే గమ్యం ఒకటే.

గోదారిగట్టు:
గమ్యం ఒకటే కావచ్చు, కర్త మారిపోతుంది. 'అడంచునే' అంటే ఒక పగ లేచి ఇంకో పగను నొక్కుతుంది. 'అడంగునే' అంటే పగ తనంతట తాను అణగాలి, పగ అందుకు సాధనంగా పనికిరాదు. తిక్కన ముందున్న సంస్కృతం చూడండి: 'న చాపి వైరం వైరేణ కేశవ వ్యుపశామ్యతి'. ఉపశమించడం అకర్మకం, వైరేణ తృతీయ. పైగా పద్యం 'అడఁగించు' అనే ప్రేరణార్థకంతో మొదలై వెంటనే 'అడంగునే' అని విరిగింది. అణిగించడం శుభమే, కానీ అణుగుతుందా అని అడగడంలోనే ఆ విరుపు ఉంది. 'అడంచునే' అంటే ఆ అందం పోతుంది.

పాళీపాఠకుడు:
బౌద్ధుల పాళీ గ్రంథం ధమ్మపదంలోని అయిదో గాథ లేకుండా ఈ చర్చ సాగడం ఆశ్చర్యంగా ఉంది.

'న హి వేరేన వేరాని సమ్మంతీధ కుదాచనం
అవేరేన చ సమ్మంతి ఏస ధమ్మో సనంతనో'

వేరం అంటే వైరం: వైరాలు వైరం చేత ఈ లోకంలో ఎన్నడూ చల్లారవు, అవైరం చేతనే చల్లారతాయి, ఇదే సనాతన ధర్మం. ఇక్కడా 'సమ్మంతి' అకర్మకం, 'వేరేన' తృతీయ. గోదారిగట్టు గారి వైపే సాక్ష్యం. సోంచాయ్ చిన్నప్పటి నుంచీ విన్న గాథ ఇదే అయ్యుండాలి, కాబట్టి వ్యాసానికి ఇదే మూలం. ఒక జాగ్రత్త: 'సమ్మంతి ఇధ' అని విడదీసి రాస్తే ఆ పాదానికి తొమ్మిది అక్షరాలొస్తాయి. సంధి చేసి 'సమ్మంతీధ' అంటేనే ఎనిమిది. ధకారం వదిలేసి 'సమ్మంతి కుదాచనం' అంటే ఏడే. అచ్చు పుస్తకంలో ఆ 'ధ' పోతే 'ఈ లోకంలో' అన్న అర్థమూ పోతుంది.

ఛందోభిమాని:
సనంతనో కాదు, సనాతనో అని విన్నాను.

పాళీపాఠకుడు:
పాళీలో సనంతనో. సనాతనో అన్నా ల-గు-ల-గు మారదు, అందుకే చెవికి పట్టుబడదు. ఇదే గాథ ఉన్న సంస్కృత బౌద్ధ గ్రంథం ఉదానవర్గంలో 'ఏష ధర్మః సనాతనః' అని ఉంది, మీరు విన్నది దాని నీడ. కానీ అక్కడ అసలు తేడా మూడో పాదంలో ఉంది. పాళీ 'అవేరేన' అన్న చోట ఉదానవర్గం 'క్షాంత్యా' (ఓర్పు చేత) అంటుంది. అంటే పాతకాలంలోనే ఎవరికో 'అవేర'లో ముందున్న ఆ అకారం చాలలేదు. వేరం లేకపోవడం అంటే కేవలం లేకపోవడమా, ఓర్పా, మైత్రా?

ఛందోభిమాని:
అభావమే. నఞ్, అంటే లేదనే ఆ అకారం, చెప్పేది అదే.

పాళీపాఠకుడు:
'అహింస' అభావమేనా? 'అప్పమాద' (ఏమరుపాటు లేకపోవడం) అభావమేనా? బౌద్ధంలో అకారం పెట్టిన మాటలు చాలావరకు సాధన పేర్లు. గాథకు అట్ఠకథ (పాళీ వ్యాఖ్యానం) చెప్పే కథే చూడండి. ఇద్దరు సవతులు, గొడ్రాలు రెండోదాని గర్భాలు పోగొట్టి చివరికి ఆమె చావుకు కారణమవుతుంది. చచ్చినామె పిల్లిగా, గొడ్రాలు కోడిగా పుడతారు, పిల్లి గుడ్లు తింటుంది. తర్వాత కోడి ఆడచిరుతగా, పిల్లి లేడిగా. తర్వాత లేడి యక్షిణిగా, చిరుత శ్రావస్తిలో ఒక ఇల్లాలిగా. సవతుల జన్మ తర్వాత మూడు జన్మల లెక్క. అభావం దానంతట అదే రాలేదు, బుద్ధుడి సమక్షంలో ఇద్దరూ కూర్చుంటేనే వచ్చింది. ఈ జన్మలో హత్యకు కారణం పూర్వజన్మల్లో వెతికే సోంచాయ్‌కి ఇంతకంటే దగ్గరి కథ లేదు.

సుఖుంవిత్ తెలుగు:
థాయ్ వాళ్లు ఆ అకారాన్ని ఎలా విప్పారో చెబుతాను. వాళ్ల వాడుకలో ఈ గాథ 'వేన్ యొమ్ రఙప్ దువయ్ కాన్ మై చోంగ్ వేన్'. వేర అన్న మాటలో చివరి రకారాన్ని నకారంగా పలుకుతారు, అందుకే 'వేన్'. 'చోంగ్' అంటే ముందే పట్టిపెట్టుకోవడం. హోటల్ గది పట్టిపెట్టడానికీ ఇదే మాట. కాబట్టి అవేరేన అంటే 'వేన్‌ను పట్టిపెట్టుకోకపోవడం చేత'. అభావమూ కాదు, ప్రేమా కాదు, ఒక పని మానడం. అయితే గుళ్లో మైత్రి మంత్రం చదివేటప్పుడు 'సబ్బే సత్తా అవేరా హొంతు' (ప్రాణులన్నీ వైరం లేనివి అగుగాక) అని రకారాన్ని పూర్తిగా పలుకుతారు. వెంట అచ్చు పలికితే రకారం పోదు.

ఇంకో సంగతి. థాయ్‌లో ఇవే అక్షరాలతో రాసే 'వేన్'కి డ్యూటీ వంతు అనే అర్థమూ ఉంది. ఠాణాలో డ్యూటీ అధికారిని 'రోయ్ వేన్' అంటారు. పోలీసు నవలకు ఇది ఊరికే పోనివ్వాల్సిన మాట కాదు.

గోదారిగట్టు:
అయితే తెలుగులో సరిగ్గా అతికే మాట 'పగ పట్టడం'. అవేరేన అంటే 'పగపట్టకుండా'. పాములు పగపడతాయని మనవాళ్లు అనేదీ ఇదే మాట. తిక్కన ఈ చోటే పామును తెస్తాడు:

'పగయె కలిగెనేనిఁ బామున్న యింటిలో
నున్న యట్లు కాక యూఱడిల్లి
యుండు నెట్లు చిత్త మొక మాటు గావున
వలవ దధిక దీర్ఘ వైరవృత్తి'

సంస్కృతంలో 'ససర్ప ఇవ వేశ్మని' (పామున్న ఇంట్లో లాగా) అని మూడు మాటలే. తిక్కన దానిని ఆటవెలదిలో ఇంట్లోకి తెచ్చి, పాము ఏ మూల ఉందో చెప్పకుండా వదిలేశాడు. 'ఊఱడిల్లి' తర్వాత పాదం విరిగి 'యుండు నెట్లు' అని కిందికి దిగేటప్పుడు మనిషి నిద్రపట్టక పక్కకు తిరిగినట్టుంటుంది. కారులో పాములతో మొదలయ్యే నవలకు చంపకమాల కన్నా ఈ ఆటవెలదే ముందు పెట్టాలి.

ఛందోభిమాని:
తిక్కన ఆటవెలది గొప్పదే. కానీ పద్యాలు మార్చేస్తే అడిగిన ప్రశ్న ఎక్కడికి పోయింది? వ్యాసకర్తకు ప్రతిన తెలుగులో చెప్పే మాట కావాలి. 'పగ పట్టాడు' అంటే మనసులోనే ఉండిపోతుంది. 'పగ తీర్చుకుంటానన్నాడు' అనాలి. అప్పు, రుణం, పగ మూడింటికీ మనకు 'తీర్చుకోవడం' ఒకే క్రియ.

సుఖుంవిత్ తెలుగు:
దానికి థాయ్‌లో తోడు ఉంది. 'ఛావ్ కమ్ నాయ్ వేన్' అంటే వెనకటి జన్మల్లో మనం చెరుపు చేసినవాళ్లు, మన కర్మకూ వేరానికీ యజమానులు. అచ్చంగా అప్పులవాళ్లు. గుళ్లో పుణ్యం చేసి వాళ్ల పేరన ధారపోస్తారు. అంటే అక్కడ తీర్చేది హాని చేసినవాడు, హాని పొందినవాడు కాదు. తెలుగులో పగ తీర్చుకునేది హాని పొందినవాడు. 'తీర్చు' వాడితే దిక్కు తలకిందులవుతుంది.

గోదారిగట్టు:
చంపకమాల మూడో పాదం 'తెగ మొదలెత్తిపోవఁ బగ దీర్పఁగ వచ్చినఁ గ్రౌర్య మొందు' అంటుంది. అక్కడ 'తీర్ప' ప్రతీకారమా, నిర్మూలనా? 'మొదలెత్తిపోవ' ఉంది కాబట్టి వేరుతో పెకలించడమే అంటాను.

ఛందోభిమాని:
వేరుతో పెకలిస్తే క్రౌర్యం ఎందుకు వస్తుంది? శత్రువును కులంతో సహా నరికితేనే వస్తుంది. ప్రతీకారమే.

పాళీపాఠకుడు:
మీరిద్దరూ ఒక చిన్న సంగతి దాటేశారు. పాళీలో 'వేరాని' బహువచనం, తిక్కనలో 'పగ' ఏకవచనం. బహువచనం పెడితే 'పగలు' అవుతుంది, రాత్రికి ఎదురుగా ఉండే పగలుతో కలిసిపోతుంది. అందుకే ఏకవచనం ఎంచుకున్నాడని నా అభిప్రాయం.

గోదారిగట్టు:
సంస్కృతంలోనే 'వైరం' ఏకవచనం ఉందండీ. తిక్కన ఎంచుకోవలసిన అవసరమే రాలేదు.

పెన్నాతీరం:
'అడంగునే' సరిచేసుకున్నాను, ఆటవెలది ముందు పెడుతున్నాను. ప్రతిన దగ్గర మాత్రం 'పగపట్టి', 'పగ తీర్చుకుని' రెండూ కొట్టేసి ఖాళీ వదిలాను. సుఖుంవిత్ తెలుగు గారూ, రోయ్ వేన్‌లోని వేన్, వేర నుంచి వచ్చిన వేన్ ఒకే ధాతువా, వేర్వేరా?

పాళీపాఠకుడు:
వేర్వేరు. డ్యూటీ వేన్ 'వార' నుంచి అయ్యుండాలి. మన 'వారం', 'వంతు' అర్థంలో.

ఛందోభిమాని:
'వార' అయితే ఏకారం ఎక్కడిది?