ఇంట్లో చేసిన క్రీమ్ లిక్కర్ మర్నాటికే విడిపోతోంది, ఆపే మార్గం ఉందా?

హనుమకొండలో ఉంటున్నాను. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ 300 మి.లీ., 25 శాతం కొవ్వు ఉన్న ఫ్రెష్ క్రీమ్ 250 మి.లీ., 400 గ్రాముల డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, ఒక చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలిపి ఐరిష్ క్రీమ్ తరహా లిక్కర్ చేస్తున్నాను. లెక్క ప్రకారం ఆల్కహాల్ 15 శాతం దరిదాపుల్లో ఉంటుంది. బజారులో దొరికే ఐరిష్ క్రీమ్ బ్రాండ్ బెయిలీస్‌లో 17 శాతం ఉన్నా అది విడిపోదు కనుక, లోపం ఘాటులో లేదనే అనుకుంటున్నాను.

కలిపినప్పుడు నున్నగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన మర్నాటి ఉదయానికి మాత్రం సీసా మెడ దగ్గర వేలెడు మందాన మీగడ గట్టిగా పేరుకొని, అడుగున కాఫీరంగు నీళ్లు నిలుస్తున్నాయి. కుదిపితే కలుస్తుంది గానీ, అరగంటకే గాజుకు సన్నని పలుకులు అంటుకుంటాయి. క్రీమ్‌ను కాచి చల్లార్చి వాడాను, విస్కీని సన్నని ధారగా పోశాను, మిక్సీలో ఎక్కువసేపు తిప్పాను, ఆమ్లగుణం వల్లనేమోనని కాఫీ కూడా మానేశాను, ఫలితం మారలేదు. మిక్సీ తిప్పిన కొద్దీ వెన్న పడే ప్రమాదమే ఎక్కువ.

కంపెనీలు క్రీమ్‌ను హోమోజినైజ్ చేసి (కొవ్వు బొట్లను ఒత్తిడితో అతి చిన్నవిగా విడగొట్టి), సోడియం కేసినేట్ (పాల ప్రొటీన్ నుంచి తీసే పొడి), సోడియం సిట్రేట్ (సిట్రిక్ ఆమ్లపు లవణం) కలుపుతాయని తెలిసింది. హోమోజినైజర్ ఇంట్లో కుదరదు కాబట్టి అడుగుతున్నాను: పై కొలతలకు సోడియం సిట్రేట్ ఎన్ని గ్రాములు, విస్కీ పోయకముందు ఏ దశలో కలపాలి?