అప్‌డేట్: పూతరేకుల సైట్ మొదలుపెట్టే ముందు క్లయింట్‌ని ఏం అడిగానంటే

ఆత్రేయపురంలో పూతరేకులు చేసి అమ్మే ఒక కుటుంబానికి వెబ్‌సైట్ చేయాలి, ముందు వాళ్లని ఏమేం అడగాలి అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

రంగులు, లోగో తర్వాత, ముందు వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పించుకోమన్న సలహా చాలా పనికొచ్చింది. "ఆర్డర్ వచ్చాక ఏం చేస్తారండీ?" అని అడిగితే ఆ ఇంటావిడ ఆగకుండా చెప్పుకొచ్చారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఒక్కసారిగా మీదపడే పెద్ద ఆర్డర్లు, బెల్లంవి ఒక ధర, పంచదారవి ఒక ధర, పార్సిల్‌లో రేకు విరిగిపోతుందన్న టెన్షన్. వాళ్లకి కార్ట్ ఉన్న పెద్ద సైట్ అక్కర్లేదని అప్పుడే తేలిపోయింది. రకాలు, ధరలు, ఎన్నాళ్లు నిలవుంటాయో చెప్పే పేజీ, ఒక వాట్సాప్ బటన్ చాలు. ధరలు మాత్రం ఆవిడే ఫోన్‌లో మార్చుకోగలగాలి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన అవసరం ఇదే.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కదా, ఆ లోగో సైట్‌లో పైనే పెట్టమన్నారు వాళ్లాయన. దానికి అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి, ఆ కాగితం చూశాకే పెడతానండీ అని చెప్పాను. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే నంబరు మాత్రం వెంటనే ఇచ్చారు.

డొమైన్ (సైట్ అడ్రస్) వాళ్ల పేరు మీదే కొనాలని, మార్పులు రెండుసార్ల వరకు ఉచితమని, ఫోటోల ఖర్చు వాళ్లదని తెలుగులోనే రాసి పంపాను. చదువుకుని "సరేనండి" అన్నాకే అడ్వాన్సు తీసుకున్నాను. ఫోటోలు చేతికి రాగానే డిజైన్ మొదలు.