ఈ వారం సమస్య: వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

నిర్వాహకుడు:
మిత్రులారా, ఈ వారం పాదం తేటగీతి. దీన్ని నాలుగో పాదంగా ఉంచి, వినడానికి పొసగని ఈ మాటకు అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి.

వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

ఒక షరతు. పద్యంలో సెల్‌ఫోన్ ఉండాలి, అదీ నలుగురు తిరిగే చోట. గుడి, బస్సు, రైలు, పెళ్లి పందిరి, ఆసుపత్రి వరండా, ఏదైనా సరే. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా: గణమంటే పొట్టి, పొడవు అక్షరాల చిన్న గుంపు; పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కుదరాలి. ప్రాస అక్కర్లేదు. అరసున్నలు పెట్టకపోయినా ఎవరూ కోప్పడరు. పరిశీలన ఎప్పటిలాగే పాత పంతులుగారిది.

'కలికాలం, సెల్లు రోగం, అయ్యో సంఘం' అని గుండెలు బాదుకున్న పద్యాలు మొదటి రోజే కొన్ని వచ్చాయి. ఛందస్సు బాగానే ఉంది కానీ వాటిని ఇక్కడ పెట్టలేదు. ఫోన్‌ని తిట్టడానికి పద్యం దాకా ఎందుకు, టీ కొట్టు దగ్గర నిలబడితే చాలు.

గోదారి గట్టు:
నాదే బోణీ.

గుడికి వచ్చియు దేవుని గూడ మరచి
సెల్ఫి దిగుటకై తిరిగెను చేయి చాచి
ఫోను వేల్పయ్యె నీనాడు భువిని గాన
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

పాత పంతులు:
బోణీ బాగుంది. సెల్ఫీ తీసుకోవాలంటే దేవుడికి వీపు పెట్టక తప్పదు, సమస్యలోని చిక్కు అక్కడే విడిపోయింది. 'సెల్ఫి' దగ్గర 'చేయి' యతి దర్జాగా కుదిరింది. అయితే తిరిగింది ఎవరు? కర్త ఎక్కడా లేడు. పైగా మూడో పాదంలో 'భువిని గాన' అన్నది యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన చుట్టం. దాన్ని లేపేసి ఇలా అంటే?

ఫోను వేల్పయ్యె వానికి పూజ లేల

'వానికి' అనగానే మనిషి వచ్చాడు, ఎత్తిపొడుపూ వచ్చింది.

గోదారి గట్టు:
ధన్యోస్మి పంతులుగారూ. మీ పాదమే ఉంచేస్తా.

ఆరో బెర్తు:
చిన్న సందేహం. ఏ గుడి ఇది? తిరుమలలో అయితే ఫోన్ కౌంటర్లో అప్పజెప్పాకే క్యూలోకి పంపుతారు. మూలవిరాట్టు ముందు సెల్ఫీ అన్న మాటే లేదు.

గోదారి గట్టు:
తిరుమల అని నేనన్నానా అన్నయ్యా? మా వైపు చిన్న గుళ్లకు రండి. హారతి పళ్లెం వచ్చినప్పుడు కళ్లకద్దుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉన్నవాళ్లు ఎందరో లెక్క పెట్టండి. పూజారిగారు పళ్లెం పట్టుకుని వీడియో అయ్యేదాకా ఆగుతున్నారు పాపం.

ఆరో బెర్తు:
తమిళనాడులో ఈ గొడవ కోర్టుకే ఎక్కింది. తిరుచెందూరు సుబ్రహ్మణ్యస్వామి ఆలయం కేసులో, 2022 డిసెంబరులో, మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం రాష్ట్రంలోని గుళ్లలో ఫోన్లు నిషేధించాలని చెప్పింది. మరుసటి ఏడు కేదారనాథ్‌లోనూ గుడి లోపల ఫొటోలు, వీడియోలు కూడదని బోర్డులు పెట్టారు. భక్తి ఒకటే సరిపోనప్పుడు బోర్డు రావలసిందే.

నిర్వాహకుడు:
చర్చ బాగుంది కానీ పద్యాలేవీ?

ఉప్పల్ కుర్రాడు:
నేను కొత్త. తప్పులుంటే చెప్పండి.

సిటీ బస్సులో రీలుల చిందులాట
చెవులు రెండును మూసిన చెవిటి వోలె
కిటికి వైపుకు మరలెను కిమ్మనకయె
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

పాత పంతులు:
తమ్ముడూ, యతులన్నీ సరిగ్గా పడ్డాయి. మొదటి గణమే తేడా కొట్టింది. 'సిటీ'లో సి లఘువు, అంటే పొట్టి అక్షరం; టీ గురువు, అంటే పొడవు అక్షరం. సూర్యగణానికి గురువు ముందుండాలి, లేదంటే మూడూ లఘువులు కావాలి.

ఉప్పల్ కుర్రాడు:
'సిటి' అని కుదించేస్తే?

పాత పంతులు:
కుదించినా లాభం లేదు. అప్పుడు పక్కనున్న 'బ'ని కలుపుకోవాలి. దాని వెనక ద్విత్వం ఉంది కనుక అది గురువు. రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం. ఊరి పేరు తీసేసి బస్సునే ముందుకు తెద్దాం.

బస్సు నిండుగ రీలుల పాట మోగ

ఇప్పుడు 'బస్సు'కి 'పాట' యతి. తక్కిన మూడు పాదాలూ ముట్టుకోవద్దు. 'కిటికి'కి 'కిమ్మనకయె' చక్కగా అమరింది.

పసుపు కొమ్ము:
పద్యం బాగుంది కానీ ఆ కిమ్మనకపోవడమే నాకు నచ్చలేదు. పక్కవాడు బస్సంతా మోతెక్కిస్తుంటే కిటికీ వైపు తిరిగి కూర్చుంటే దేవుడు మెచ్చుకుంటాడా? ఒక మాట అడిగి చూడాలి కదా!

ఉప్పల్ కుర్రాడు:
అడిగాను అక్కా. ఉప్పల్ నుంచి మెహిదీపట్నం పోతున్నా. పక్క సీట్లో పెద్దాయన, యాభై దాటి ఉంటాయి. ఒకే రీలు, అందులో ఒకే పాట ముక్క, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. ఎల్బీ నగర్ దాటేదాకా ఓర్చుకున్నా. చిత్రం ఏంటంటే ఆయన చొక్కా జేబులోంచి ఇయర్‌ఫోన్ వైరు వేలాడుతోంది! 'అంకుల్, కొంచెం సౌండ్ తగ్గిస్తారా' అన్నాను. 'బస్సు నీదా' అన్నాడు. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఇంకో గీత పెంచాడు. అప్పుడు తిరిగా కిటికీ వైపు.

పసుపు కొమ్ము:
అయితే మెచ్చనీ. నా అభ్యంతరం వాపసు.

పాత పంతులు:
ఆ జేబులో వైరు పద్యంలో ఉంటే ఎంత బాగుండేది! 'రీలుల చిందులాట' అని ఎవరైనా అంటారు. వైరు వేలాడుతుండగా స్పీకరు పెట్టే మనిషిని నువ్వు చూశావు, మేం చూడలేదు. ఇంకోసారి కూర్చుని ప్రయత్నించు.

ఆరో బెర్తు:
బస్సు అయింది, ఇక రైలు.

రైలు బెర్తున సగరేయి లౌడు పెట్టి
అత్తతోడను మాటాడ నందరు విన
తిరిగి పడుకొనె దుప్పటి తీసి కప్పి
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

ఇక్కడ వేల్పు నిద్రాదేవి అని మనవి.

పాత పంతులు:
మనవి బయట చేశారు, పద్యంలో చేయలేదు. ఆ నిద్రాదేవిని ఎక్కడో ఇరికించాల్సింది. లాగి కప్పుకోవలసిన దుప్పటిని 'తీసి కప్పి' అనడం కూడా యతి పుణ్యమే. కానీ 'రైలు'కి 'లౌడు' యతి వేశారు చూడండి, ర-లల మైత్రి, ఐ-ఔల మైత్రి, రెండూ ఒక్క దెబ్బతో! ఆ ఒక్కదానికీ మార్కులు వేస్తున్నా.

గోదారి గట్టు:
రాత్రి 10 దాటాక స్పీకర్లో పాటలు, గట్టిగా ఫోన్ మాటలు కూడదని రైల్వే నియమం ఉంది కదా?

ఆరో బెర్తు:
ఉంది. అత్తగారికి తెలియదు.

మారేడు దళం:
నాది కొంచెం పాత పద్ధతి.

ఉడుత సేతువు కడ జేరి యొడలు దులిపి
ఇసుక రాల్చుచు నలసట నెఱుగకుండ
రాము ముందర నిలువగ లాలనమున
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

పాత పంతులు:
పద్యం పంచదార. ఇంతవరకు వచ్చిన వాటిలో ధార దీనికే ఉంది. ఎఱుగకుండ దగ్గర స్వరయతి, అంటే అచ్చుకు అచ్చు జత, నిఖార్సుగా ఉంది. ఈ ఉడుత కథ వాల్మీకంలో లేదు. మన రంగనాథ రామాయణంలో కనిపిస్తుంది కనుక తెలుగువాళ్లకు దీనిమీద హక్కు కొంచెం ఎక్కువే. అయితే అయ్యా, ఫోనేదీ?

మారేడు దళం:
త్రేతాయుగంలో ఎక్కడి నుంచి తెమ్మంటారు?

పాత పంతులు:
షరతు నాది కాదు, నిర్వాహకుడిది. ఉడుతను 'వాడు' అనవచ్చా అని కూడా అడుగుదామనుకున్నా, రాముడే లాలించాక నాకెందుకులే.

నిర్వాహకుడు:
పోటీలోకి రాదు. దాచుకోవలసిన పద్యం.

పసుపు కొమ్ము:
ఇక నా పెళ్లి పందిరి చూడండి.

పెండ్లి కొమరుడు విష్ణువే పీట మీద
ఫోను లెత్తిన బంధువుల్ బొమ్మ దీయ
మాకు గనిపించె వీపుల మంటపమ్మె
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

గోదారి గట్టు:
అక్కా! 'వీపుల మంటపమ్మె'కి ఓ వీరతాడు.

పసుపు కొమ్ము:
నిజం చెబుతున్నా. మొన్న మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లికి మూడో వరసలో కూర్చున్నాం. జీలకర్ర బెల్లం వేళకి గట్టిమేళం అంటూ ఒకటే హడావుడి. ఆ క్షణాన ముందు వరసలన్నీ లేచి నిలబడి చేతులు పైకెత్తాయి. తెర తీశారో లేదో తెలియదు, ఎవరి చెయ్యి ఎవరి నెత్తిన ఉందో తెలియదు. మా అత్తయ్య అక్షింతలు పిడికిట్లో పట్టుకుని 'అయిందా? వెయ్యనా?' అని నన్ను అడుగుతోంది. చివరికి విసిరితే ఒక ఫొటోగ్రాఫర్ అబ్బాయి మెడలో పడ్డాయి. పెళ్లికొడుకు మాత్రం మర్నాడు బంధువుల గ్రూపులో వీడియోలు పెట్టిన ప్రతివాడికీ దండం బొమ్మ పెట్టాడు. అక్షింతలు వేసిన మాకు ఒక్క మాట లేదు.

పాత పంతులు:
అమ్మా, ఇది పూరణ అంటే. పెళ్లిపీటల మీద వరుణ్ణి నారాయణ స్వరూపుడిగా భావించి కాళ్లు కడగడం మనకున్నదే. కాబట్టి వేల్పు కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, పీట మీదే ఉన్నాడు. పూజ చేసినవాణ్ని వదిలి వీపు చూపినవాణ్నే మెచ్చుకున్నాడు. సమస్య తనంతట తనే అతుక్కుంది. ఒక్క నలుసు: వీపులు చాలా ఉన్నాయి, మెచ్చింది మాత్రం ఒక్కడినే. బహువచనం నుంచి ఏకవచనానికి దూకేశారు.

పసుపు కొమ్ము:
అందరికంటే ముందు వీడియో పంపినవాణ్ని అనుకోండి పంతులుగారూ.

పాత పంతులు:
అనుకున్నాం.

మెట్ల బావి:
ఆలస్యమైంది, మన్నించాలి. మాది తెలంగాణ, మాట కూడా అట్లనే వచ్చింది.

మెట్ల వద్దను ముసలమ్మ మిన్నకుండ
ఫోనులో తీసి రందరు పోరగాండ్రు
వంగి యొక్కడు దించెను పైకి మోసి
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

పాత పంతులు:
ఆగండి, ఆగండి. ఇంతవరకు వీపు చూపడమంటే అందరూ వెనక్కి తిరగడమే అనుకున్నారు. మీరు ఎక్కించుకోవడానికి వీపు చూపించారు. పారిపోయేవాడికి వాడే మాట మోసేవాడికి వాడారు. 'పోరగాండ్రు' ఉండనివ్వండి, దాని బదులు 'యువజనంబు' పెట్టమని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. ఇది చూసిందేనా?

మెట్ల బావి:
చూసిందే సార్. రైల్వే స్టేషన్‌లో, ఒక ప్లాట్‌ఫాం మీంచి ఇంకోదానికి పోయే వంతెన కాడ. కదిలే మెట్లు ఆగిపోయినయి. అవ్వ సంచి కింద పెట్టి రైలింగు పట్టుకొని నిలబడ్డది. ఎక్కలేదు, ఎవర్నీ అడగలేదు. ముగ్గురు నలుగురు పిల్లలు 'చూడండి ఫ్రెండ్స్, ఇదీ పరిస్థితి' అనుకుంట వీడియో మొదలుపెట్టిన్రు. అవ్వ మొహం దగ్గరికి కెమెరా పెట్టిన్రు, ఆమె కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇంతల ఒక పిల్లగాడు వచ్చిండు, వాడి చేతిల కూడా ఫోన్ ఉన్నది. 'అన్నా, జర పట్టుకో' అని అది నా చేతుల పెట్టి, అవ్వ ముందర కూసున్నడు. సంచి నేను తెచ్చిన. పైకి పోయినంక ఫోన్ తీసుకొని మళ్ల దాంట్లోనే మొహం పెట్టుకొని పోయిండు.

పసుపు కొమ్ము:
కొంగు అడ్డం పెట్టుకుందా... ఛ.

పాత పంతులు:
బాబూ, అసలు సంగతి బయట పెట్టుకుని పద్యంలో 'పైకి మోసి' అంటారేమిటి! వాడు ఫోన్ మీ చేతికిచ్చాడు చూడండి, అది కావాలి. మోయడం చెప్పనక్కర్లేదు. వంగాడంటే చాలు, వీపు సంగతి నాలుగో పాదం చూసుకుంటుంది. మూడో పాదం మళ్లీ రాయండి.

మెట్ల బావి:
ఇట్ల కుదురుతదా?

మెట్ల వద్దను ముసలమ్మ మిన్నకుండ
ఫోనులో తీసి రందరు పోరగాండ్రు
చేతి ఫోనును నాకిచ్చి చెంత వంగె
వీపు జూపిన వానినే వేల్పు మెచ్చె

పాత పంతులు:
'అందరు' అన్నాక ఇంకొకడు ఎక్కడినుంచి వచ్చాడని వ్యాకరణం తెలిసినవాళ్లు అడుగుతారు. అడగనీ. మొదటి రూపంలో మంచివాడొకడు ఉన్నాడు, అంతే. ఇందులో వాడి చేతిలోనూ ఫోన్ ఉంది, ఒక్క నిమిషం పక్కన పెట్టాడు. రెండో పాదంలోని ఫోన్, మూడో పాదంలోని ఫోన్ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నేనింక దీన్ని ముట్టుకోను.

ఉప్పల్ కుర్రాడు:
సార్, నా వైరు పాదం కూడా చూడండి. 'జేబు లోపల వైరుండ చెవిని బెట్ట'. తర్వాత ముందుకు పోవట్లేదు.

పాత పంతులు:
గణాలు సరిపోయాయి, 'జేబు'కి 'చెవి' యతి కూడా కుదిరింది. 'చెవిని బెట్ట' దగ్గర ఆగిపోయావు, చెవిని పెట్టక అని కదా చెప్పాలి! రేపు పొద్దున్న చూద్దాం, ఈ లోపు నువ్వే తేల్చు.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం మెట్ల బావి గారి సవరించిన పద్యానిది. పసుపు కొమ్ము గారిది రెండోది. ఏకవచనం పేచీ లేకపోతే తేల్చడం కష్టమయ్యేది. ఉడుత పద్యం పోటీకి బయట, మనసుకు లోపల.

వచ్చే వారం ఆటవెలది. ఆఖరి పాదం ఇది:

పెరుగు లేని యింట వెన్న దొరకె

షరతులేమీ లేవు. శుక్రవారం రాత్రిలోగా పంపండి.

ఆరో బెర్తు:
కృష్ణుడు నిషిద్ధమా?

నిర్వాహకుడు:
నిషిద్ధం కాదు కానీ, పది మంది ఆయన్నే తెస్తే పంతులుగారు ఊరుకోరు.